ఒకే రోజున రెండు ఎన్నికలు

2019 ఏప్రిల్ 11వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను లోకసభకు పోలింగు జరిగినది. హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారిపై, రాష్ట్రాల సరిహద్దుకు ఇవతల కోదాడ, అవతల జగ్గయ్యపేట ఉన్నవి. రెండు పట్టణాల ప్రజలు మాట్లాడే భాష ఒకటే. ఆ రోజు కాసిన ఎండ ఒకటే. ఓటరు వేలిపై పడిన సిరా కూడా ఒకటే. కాని ఒక భేదమున్నది. జగ్గయ్యపేట ఓటరు పోలింగు కేంద్రంలో రెండు ఓట్లు వేసినాడు: లోకసభకు ఒకటి, రాష్ట్ర శాసనసభకు ఒకటి. కోదాడ ఓటరు లోకసభకు మాత్రమే వేసినాడు. తెలంగాణ శాసనసభకు అంతకు నాలుగు నెలల ముందే, 2018 డిసెంబరు 7న, పోలింగు ముగిసినది.

లెక్క తేలినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 80 మంది, తెలంగాణలో నూటికి సుమారు 63 మంది ఓటు వేసినట్లు కనబడినది. వ్యత్యాసం 17. ఇంత వ్యత్యాసం ఎందుకు వచ్చినది? రెండవ ఓటు ఉండుటచేతనే వచ్చినదా? అట్లయితే ఆ రెండవ ఓటు జనాన్ని పోలింగు కేంద్రానికి రప్పించి ఊరుకున్నదా, లేక మొదటి ఓటు ఎవరికి పడవలెనో కూడ నిర్ణయించినదా? ఎన్నికల శాస్త్రంలో ఇవి ముఖ్యమైన ప్రశ్నలు.

జమిలి అనగానేమి?

‘జమిలి’ అనగా జంట, రెండు కలిసినది. రెండు చట్టసభలకు ఒకేసారి జరిగే ఎన్నికలను జమిలి ఎన్నికలంటున్నారు. ఇది కొత్త పద్ధతి కాదు. స్వతంత్ర భారతదేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగినవి. అప్పుడు లోకసభకు, రాష్ట్రాల శాసనసభలకు కలిపే ఓట్లు తీసుకొన్నారు. 1957, 1962, 1967 సంవత్సరాలలోను చాలవరకు అట్లే జరిగినది.

ఆ రోజులలో కూడ ఈ పద్ధతికి మినహాయింపులు లేకపోలేదు. ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు 1955లో విడిగా ఎన్నికలు జరిగినవి. అందుచేత 1957లో ఆంధ్రప్రదేశ్ అంతటా లోకసభకు ఓట్లు పడినను, శాసనసభకు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే పడినవి. రాష్ట్రమంతటా రెండు ఎన్నికలు కలిసి జరిగినది 1962లోనే.

1967 తరువాత కొన్ని రాష్ట్రాలలో ప్రభుత్వాలు నిలువలేక శాసనసభలు గడువుకు ముందే రద్దయినవి. 1970 డిసెంబరులో లోకసభ కూడ గడువుకు ఏడాది ముందు రద్దయి, 1971 మార్చిలో దానికి విడిగా ఎన్నిక జరిగినది. అప్పటి నుండి రెండు క్యాలెండర్లు వేరైనవి. కాని ఆంధ్రప్రదేశ్‌లో 1989లోను, ఆ తరువాత 1999 నుండి వరుసగాను రెండు ఎన్నికలు మళ్ళీ ఒకేసారి వచ్చినవి. కలిసి, విడిపోయి, మళ్ళీ కలిసిన ఈ చరిత్ర వల్లనే తెలుగువారి ఎన్నికలు పరిశీలకులకు మంచి ప్రయోగశాలగా ఉపయోగపడుతున్నవి.

అంకెలు చెప్పే కథ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లోకసభ ఎన్నికల పోలింగు శాతాన్ని వరుసగా చూస్తే రంపపు పళ్ళవలె లేచి పడుతూ కనబడుతుంది. శాసనసభతో కలిసి జరిగిన 1967లో అది సుమారు 69. లోకసభకు విడిగా జరిగిన 1971లో సుమారు 59. విడిగానే జరిగిన 1977లో 62 లేక 63, 1980లో సుమారు 57. మళ్ళీ కలిసి జరిగిన 1989లో సుమారు 70. విడిగా జరిగిన 1991లో 61, 1996లో 63, 1998లో 66. కలిసి జరిగిన 1999లో 69, 2004లో 70, 2009లో సుమారు 73, 2014లో దాదాపు 75.

ఈ వరుసకు ఎదురు నిలిచే సంవత్సరం ఒకటున్నది. 1984 డిసెంబరులో లోకసభ ఎన్నిక విడిగానే జరిగినను పోలింగు సుమారు 69 శాతానికి చేరినది. ఆ సంవత్సరం ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినందువల్ల రేగిన ఆందోళన, అక్టోబరులో ప్రధానమంత్రి ఇందిరాగాంధీ హత్య ప్రజలను ఎంతగానో కదిలించినవి. కనుక జమిలి అనేది పోలింగును పెంచే ఒకే ఒక కారణం కాదని 1984 హెచ్చరిస్తున్నది. అయినను మొత్తం మీద కలిసినప్పుడు ఎక్కువ, విడిపోయినప్పుడు తక్కువ అన్న క్రమం స్పష్టంగానే ఉన్నది.

ఇక్కడ మరొక విశేషం గమనించవలెను. 1978 నుండి విడిగా జరిగిన శాసనసభ ఎన్నికలలో పోలింగు తగ్గలేదు. 1978లో సుమారు 73 శాతం, 1983లోను 1985లోను సుమారు 68, 1994లో సుమారు 71. అనగా శాసనసభ ఎన్నిక ఒంటరిగానైనను జనాన్ని రప్పించగలదు. లోకసభ ఎన్నికకే తోడు కావలసివచ్చినది. బండికి కట్టిన రెండు ఎద్దులలో ఎక్కువ బరువు లాగినది శాసనసభ అన్నమాట.

పక్క మడితో పోల్చుట

అంకెలు ఇట్లు పెరిగి తగ్గినంత మాత్రాన కారణం నిర్ధారణ కాదు. వ్యవసాయ పరిశోధకుడు ఎరువు గుణం తెలుసుకొనుటకు ఏమి చేస్తాడు? ఒక మడికి ఎరువు వేసి, పక్క మడికి వేయకుండా వదలి, రెండింటి పంటను పోలుస్తాడు. ఎన్నికలలో అట్లు చేయుట సాధ్యం కాదు. ఒకే ఎన్నికను అదే ప్రజలతో రెండు విధాలుగా జరిపి చూచే వీలు లేదు. అందుచేత చరిత్ర తనంతట తాను కల్పించిన పోలికలను వెదకవలసివస్తుంది.

అటువంటి పోలిక 1971లో ఒకటి దొరుకుతుంది. ఆ సంవత్సరం దేశం మొత్తం మీద పోలింగు 61 శాతం నుండి సుమారు 55కు పడిపోయినది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 10 పాళ్ళు తగ్గినది. అయితే తమిళనాడులో 1971లో కూడ శాసనసభ, లోకసభ ఎన్నికలు కలిసే జరిగినవి. అక్కడ పోలింగు సుమారు 77 నుండి 72కు, అనగా 5 పాళ్ళు మాత్రమే తగ్గినది. రెండు రాష్ట్రాలలోను తగ్గుదల ఉన్నది కాబట్టి అందులో కొంత ఆనాటి సామాన్య పరిస్థితుల వల్ల వచ్చినదని అనుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో అదనంగా తగ్గిన 5 పాళ్ళలో రెండు ఎన్నికలు విడిపోవుట వల్ల కలిగిన నష్టం ఉండుటకు అవకాశమున్నది.

ఇదే పద్ధతిలో కోదాడ, జగ్గయ్యపేటల విషయం చూడవలెను. ఎరువు వేయకముందే ఒక మడి సారవంతమైనదైతే పంటను నేరుగా పోల్చరాదు; అంతకు ముందు వాటి మధ్య ఉన్న భేదాన్ని తీసివేయవలెను. 2014లో రెండు ప్రాంతాలలోను జమిలి ఎన్నికలే జరిగినవి. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌గా మిగిలిన ప్రాంతంలో సుమారు 78 శాతం, తెలంగాణలో సుమారు 70 శాతం పోలింగు నమోదైనది. అనగా ఇద్దరికీ ఒకే పద్ధతి ఉన్నప్పుడే 8 పాళ్ళ తేడా ఉన్నది. హైదరాబాదు వంటి మహానగరంలో పోలింగు ఎప్పుడూ తక్కువగా ఉండుట ఇందుకు ఒక కారణం. 2019లో తెలంగాణకు ఎన్నికలు విడిపోయిన తరువాత తేడా 17కు పెరిగినది. కాబట్టి 17లో నుండి పాత 8ని తీసివేయగా మిగిలిన 9 పాళ్ళలోనే విడిపోవుట ప్రభావాన్ని వెదకవలెను.

2024 మే 13న ఈ రెండు రాష్ట్రాలు మళ్ళీ ఒకే రోజున ఓటు వేసినవి. ఆంధ్రప్రదేశ్‌లో జమిలి, తెలంగాణలో లోకసభ మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు 80 శాతం దాటినది. తెలంగాణలో సుమారు 66 వద్ద ఆగినది. తెలంగాణలోనే 2023 నవంబరు 30న శాసనసభకు జరిగిన పోలింగు సుమారు 71 శాతం. ఒకే రాష్ట్రం, దాదాపు అదే ఓటర్ల జాబితా, మధ్య అయిదున్నర నెలల కాలం. అయినను లోకసభ వంతు వచ్చేసరికి నూటికి అయిదుగురు ఇంటనే ఉండిపోయినారు.

ఓటరు ఎందుకు వస్తాడు?

ఓటు వేయుటకు రుసుము లేదు, కాని ఖర్చున్నది. కూలికి పోయేవానికి ఒక పూట కూలి పోతుంది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో పని చేస్తూ శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామంలో ఓటున్నవానికి బస్సు ఖర్చు, రెండు రోజుల సెలవు కావలెను. ఎండలో వరుసలో నిలబడే శ్రమ ఎవరికైనా తప్పదు. ఎన్నికలు విడిగా జరిగితే ఈ ఖర్చు రెండుసార్లు పెట్టవలెను. కలిసి జరిగితే ఒక్కసారి పెట్టిన ఖర్చుకు రెండు పనులు తీరుతవి. స్వామికార్యం, స్వకార్యం రెండూ నెరవేరినట్లవుతుంది. 2019, 2024 ఎన్నికలకు ముందు హైదరాబాదు నుండి ఆంధ్రప్రదేశ్‌కు పోయే బస్సులు, రైళ్ళు సంక్రాంతి పండుగను తలపించేటట్లు కిటకిటలాడినవి.

రెండవ కారణం అభ్యర్థుల సంఖ్యలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 25 లోకసభ స్థానాలకు 175 శాసనసభ స్థానాలున్నవి. తెలంగాణలో 17 స్థానాలకు 119 ఉన్నవి. రెండు చోట్లా భాగహారం చేస్తే 7 వస్తుంది. ఒక లోకసభ నియోజకవర్గంలో ఏడు శాసనసభ నియోజకవర్గాలున్నవన్నమాట. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క లోకసభ నియోజకవర్గానికి సగటున 15 లక్షలకు పైగా ఓటర్లున్నారు. అంతమంది ఇళ్ళకు పోవుట లోకసభ అభ్యర్థి ఒక్కనికి సాధ్యం కాదు. శాసనసభ అభ్యర్థికి ఉన్నవారు రెండు లక్షల పైచిలుకు. అతని కార్యకర్తలు వీధి వీధికి, ఇంటింటికి పోతారు. ఓటు ఉన్నదో లేదో చూస్తారు. ముసలివారిని పోలింగు కేంద్రానికి చేరవేసే ఏర్పాట్లు కూడ చేస్తారు. జమిలి ఎన్నికలలో ఒక పార్టీ తరఫున లోకసభ అభ్యర్థి కొరకు ఇట్లు ఏడు దళాలు పనిచేసినట్లవుతుంది. విడిగా జరిగినప్పుడు ఆ ఏడుగురు తమ ఎన్నిక ముగించుకొని విశ్రాంతి తీసుకొంటారు.

మూడవది దూరానికి సంబంధించినది. రేషను కార్డు, పింఛను, కాలువ నీరు, ఊరి రోడ్డు రాష్ట్ర ప్రభుత్వంతో ముడిపడిన విషయాలుగా గ్రామీణ ఓటరుకు తోస్తవి. శాసనసభ్యుడు అతనికి ముఖపరిచయం ఉన్న మనిషి. లోకసభ సభ్యుడు ఢిల్లీలో ఉండేవాడు. తెలుగునాట శాసనసభ ఎన్నికకే ఎక్కువ ఆకర్షణ ఉండుటకు ఇది కారణం కావచ్చును.

అమెరికాలో దీనికి సరిగా తారుమారు కనబడుతుంది. అక్కడ అధ్యక్షుని ఎన్నిక జనాన్ని లాగుతుంది. ప్రతినిధుల సభకు రెండేళ్ళకొకసారి ఎన్నిక, అధ్యక్షునికి నాలుగేళ్ళకొకసారి. 2020లో రెండూ కలిసి వచ్చినప్పుడు అర్హులైన ఓటర్లలో సుమారు 66 శాతం ఓటు వేసినారు. 2022లో ప్రతినిధుల సభ ఎన్నిక అధ్యక్షుని ఎన్నిక లేకుండా వచ్చినప్పుడు అది సుమారు 46 శాతానికి దిగినది. కాబట్టి ఏ సభ పేరు పెద్దదన్నది ముఖ్యం కాదు. ఏ ఎన్నికను ప్రజలు తమదిగా భావిస్తారో అది రెండవదానికి ఓటర్లను అరువిస్తుంది.

ఫలితాలు ఎట్లు కలిసిపోతవి?

పోలింగు శాతంపై ప్రభావం, ఫలితంపై ప్రభావం వేర్వేరు సంగతులని అనుకొనుట పొరపాటు. శాసనసభ కొరకు వచ్చిన మనిషి లోకసభ ఓటు కూడ వేసి పోతాడు. ఆ రెండవ ఓటును అతడు ఏ ఆలోచనతో వేస్తాడు? లోకసభ కొరకే వచ్చినవానికి దేశ వ్యవహారాలపై ఒక అభిప్రాయముండవచ్చును. శాసనసభ కొరకు వచ్చినవాడు చాలవరకు అక్కడ నొక్కిన గుర్తునే ఇక్కడ కూడ నొక్కుతాడు. పోలింగు పెరిగిన కొద్దీ ఇటువంటి ఓట్ల పాలు పెరుగుతుంది. ఫలితాలు దగ్గరగుటకు ఇది ఒక మార్గం.

గుర్తు మరొక మార్గం. ఒక పార్టీ అభ్యర్థులందరికీ రెండు ఎన్నికలలోను ఒకే గుర్తు ఉంటుంది. రెండు ఓట్ల కొరకు రెండు యంత్రాలు ఉంచుతారు. లోకసభ బ్యాలెట్ తెల్ల కాగితంపైన, శాసనసభ బ్యాలెట్ గులాబి కాగితంపైన అచ్చయి ఉంటుంది. రంగు వేరైనను గుర్తు అదే. ప్రచారంలో కూడ ‘రెండు ఓట్లూ మన గుర్తుకే’ అన్న మాట వినబడుతుంది. ఒకే సభ, ఒకే వేదిక, ఒకే నాయకుడు, ఒకే కరపత్రం. రెండు ప్రశ్నలు వేరువేరుగా అడిగినను రెండింటికీ ఒకే జవాబు అలవాటవుతుంది.

2019 ఫలితాలు దీనిని బాగా చూపుతవి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు దాదాపు 50 శాతం ఓట్లు వచ్చినవి. లోకసభకూ దాదాపు 50 శాతమే. తెలుగుదేశానికి ఒకదానిలో సుమారు 39, మరొకదానిలో సుమారు 40. సీట్లలో మొదటి పార్టీకి శాసనసభలో 175కి 151, లోకసభలో 25కి 22 వచ్చినవి. దేశమంతటా జాతీయ సమస్యలపై పెద్ద చర్చ నడిచిన ఆ వేసవిలో భారతీయ జనతా పార్టీకి ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఎన్నికలలోను నూటికి ఒక ఓటు కూడ నిండుగా రాలేదు. రాష్ట్రపు పోరు లోకసభ పోరును పూర్తిగా కప్పివేసినది.

విడిపోయినప్పుడు బయటపడినది

తెలంగాణలో జరిగినది వేరు. 2018 సెప్టెంబరు 6న శాసనసభను గడువుకు ముందే రద్దు చేయించి, తెలంగాణ రాష్ట్ర సమితి ప్రభుత్వం రెండు ఎన్నికలను విడదీసినది. డిసెంబరు ఎన్నికలో ఆ పార్టీకి 119కి 88 స్థానాలు, సుమారు 47 శాతం ఓట్లు వచ్చినవి. భారతీయ జనతా పార్టీకి 7 శాతం ఓట్లు, ఒకే ఒక స్థానం దక్కినవి. నాలుగు నెలల తరువాత లోకసభ ఎన్నికలో తెలంగాణ రాష్ట్ర సమితికి 17కి 9 స్థానాలు, సుమారు 41 శాతం ఓట్లు వచ్చినవి. భారతీయ జనతా పార్టీకి 19 శాతానికి పైగా ఓట్లు, 4 స్థానాలు వచ్చినవి.

కరీంనగరం, నిజామాబాదు లోకసభ నియోజకవర్గాలలో ఈ మార్పు మరీ స్పష్టం. ఈ రెండింటిలోని పద్నాలుగు శాసనసభ స్థానాలనూ 2018 డిసెంబరులో తెలంగాణ రాష్ట్ర సమితి గెలిచినది. 2019 ఏప్రిల్‌లో ఆ రెండు లోకసభ స్థానాలూ భారతీయ జనతా పార్టీకి పోయినవి. రెండు ఎన్నికలూ ఒకే రోజున జరిగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ రుజువు చేయలేరు. కాని రాష్ట్రానికి ఒకరిని, దేశానికి మరొకరిని కోరుకొనే ఓటర్లు గణనీయంగా ఉన్నారనీ, వేర్వేరు రోజులలో అడిగినప్పుడు వారి కోరిక బయటపడినదనీ చెప్పవచ్చును.

కర్ణాటకలో ఇంతకు ముందే ఇటువంటిది జరిగినది. 1984 డిసెంబరు లోకసభ ఎన్నికలో అక్కడ 28కి 24 స్థానాలను కాంగ్రెసు గెలిచినది. ఆ ఓటమికి బాధ్యత వహించి ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేసి ప్రజల తీర్పు మళ్ళీ కోరినాడు. 1985 మార్చిలో అదే ఓటర్లు శాసనసభలోని 224 స్థానాలలో 139 అతని జనతా పార్టీకి ఇచ్చినారు. మధ్య గడచినది మూడు నెలలే. రెండు ఎన్నికలూ డిసెంబరులోనే జరిగి ఉంటే హెగ్డే ప్రభుత్వం నిలిచేదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

అయితే ఇక్కడ కూడ జాగ్రత్త అవసరం. నాలుగు నెలలలో ప్రజల అభిప్రాయమే మారవచ్చును. 2023 చివర అధికారం కోల్పోయిన భారత రాష్ట్ర సమితి, అనగా పూర్వపు తెలంగాణ రాష్ట్ర సమితి, శాసనసభలో సుమారు 37 శాతం ఓట్లు పొంది, 2024 లోకసభ ఎన్నికలో సుమారు 17 శాతానికి పడిపోయినది. ఒక్క స్థానం కూడ రాలేదు. ఇందులో ఎన్నికలు విడిపోవుట వల్ల వచ్చిన మార్పు ఎంత, అధికారం పోవుట వల్ల వచ్చినది ఎంత అని తూచి చెప్పుటకు త్రాసు లేదు.

ఒక శాతాన్ని ఎట్లు చదువవలెను?

జమిలి ఎన్నికల చర్చలో ‘77 శాతం’ అన్న అంకె తరచు వినబడుతుంది. ఐ.డి.ఎఫ్.సి. ఇన్‌స్టిట్యూట్ 1999 నుండి 2014 వరకు జరిగిన నాలుగు విడతల ఎన్నికలను పరిశీలించినది. రెండు ఎన్నికలూ కలిసి జరిగిన చోట్ల 77 శాతం నియోజకవర్గాలలో ఒకే పార్టీ రెండింటా ముందున్నదని అందులో తేలినది. దీనిని విని జమిలి వల్ల 77 శాతం ఓటర్లు ఒకే పార్టీకి వేస్తారని కొందరు అంటారు. ఇందులో రెండు పొరపాట్లున్నవి.

మొదటిది: ఈ లెక్క నియోజకవర్గాలది, ఓటర్లది కాదు. వందమందిలో పదిమంది రెండు ఓట్లను రెండు పార్టీలకు పంచినను గెలిచే పార్టీ మారకపోవచ్చును. పోటీ గట్టిగా ఉన్నచోట ఇద్దరు పంచినను మారవచ్చును.

రెండవది: ఎన్నికలు ఆరు నెలల తేడాతో విడిగా జరిగినప్పుడు కూడ 61 శాతం నియోజకవర్గాలలో ఒకే పార్టీ గెలిచినదని ఆ పరిశీలనలోనే ఉన్నది. ఒక పార్టీపై నిజంగా అభిమానమున్నవారు ఎప్పుడడిగినా దానికే వేస్తారు కదా! కాబట్టి జమిలి ఖాతాలో వేయదగినది 77 కాదు. 77కు, 61కి మధ్యగల 16 పాళ్ళు మాత్రమే. అది చిన్న సంఖ్య కాదు. అట్లని సర్వస్వమూ కాదు.

రెండు చేతులతో రెండు తీర్పులు

ఒకే రోజున వేసినను రెండు ఓట్లను వేరుచేసి చూడగల ఓటర్లున్నారు. 2019లో ఒడిశాలో లోకసభ, శాసనసభ ఎన్నికలు కలిసే జరిగినవి. శాసనసభలో బిజూ జనతాదళానికి సుమారు 45 శాతం, భారతీయ జనతా పార్టీకి 32 లేక 33 శాతం ఓట్లు వచ్చినవి. లోకసభకు అవి 43, 38 అయినవి. శాసనసభలో 146 స్థానాలకు జరిగిన పోటీలో 112 గెలిచిన పార్టీకి లోకసభలో 21కి 12 మాత్రమే వచ్చినవి. రెండవ పార్టీ 8 గెలిచినది. ఒకే గదిలో, ఒకటి రెండు నిమిషాల వ్యవధిలో, కొందరు ఓటర్లు రాష్ట్రానికి శంఖాన్ని, దేశానికి కమలాన్ని ఎన్నుకొన్నారు. తెలుగులో దీనినే క్రాస్ ఓటింగు అంటున్నారు.

స్వీడన్ అనుభవం కూడ ఇట్లే ఉన్నది. అక్కడ 1970 నుండి జాతీయ, ప్రాంతీయ, పురపాలక ఎన్నికలు ఒకే రోజున జరుగుతున్నవి. ప్రారంభంలో జాతీయ ఎన్నికకు, పురపాలక ఎన్నికకు వేర్వేరు పార్టీలను ఎన్నుకొన్నవారు నూటికి సుమారు ఆరుగురే. అర్ధ శతాబ్దిలో వారి సంఖ్య దాదాపు ముప్పైకి పెరిగినది. సమాచారం, అలవాటు పెరిగిన కొద్దీ ఓటరు వేరుచేసి చూడగలడనుటకు ఇది నిదర్శనం.

అయితే ఏర్పాటు సరిగా లేకపోతే శ్రద్ధగల ఓటరు కూడ చిక్కుపడతాడు. స్కాట్లండులో 2007 మే 3న పార్లమెంటుకు, స్థానిక సంస్థలకు ఒకే రోజున ఎన్నిక జరిపినారు. పార్లమెంటు ఓట్లు రెండింటినీ ఒకే కాగితంపై రెండు వరుసలుగా అచ్చువేసినారు. స్థానిక ఎన్నికకు మాత్రం గీటు పెట్టుటకు మారుగా 1, 2, 3 అని అంకెలు వేయవలెను. ఫలితంగా పార్లమెంటు ఎన్నికలో సుమారు 1,46,000 ఓట్లు చెల్లకుండా పోయినవి. ముఖ్య దోషం ఆ ఉమ్మడి కాగితానిదేనని విచారణలో తేలినది. ఆ తరువాత అక్కడ రెండు ఎన్నికలను వేరు చేసినారు. భారతదేశంలో రెండు యంత్రాలు, రెండు రంగులు ఉంచుటలోని విలువ దీనివల్ల తెలుస్తుంది.

లాభమేది, నష్టమేది?

ఎన్నికలన్నింటినీ మళ్ళీ ఒకేసారి జరుపవలెనని రామ్‌నాథ్ కోవింద్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2024 మార్చిలో సిఫారసు చేసినది. అందుకు కావలసిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లును 2024 డిసెంబరు 17న లోకసభలో ప్రవేశపెట్టి, ఉభయసభల సంయుక్త సంఘానికి పంపినారు. ఈ సందర్భంలో ఖర్చు గురించి, పరిపాలనా సౌకర్యం గురించి చర్చ ఎక్కువగా జరిగినది. కాని అసలు తూకం మరొకచోట ఉన్నది.

ఒక పళ్ళెంలో ఉన్నది జనసంఖ్య. నూటికి 63 మంది కలిసి ఎన్నుకొన్న సభ్యుని కంటె 80 మంది పాల్గొని ఎన్నుకొన్న సభ్యునికి ప్రజల మాట ఎక్కువగా వెనుక ఉన్నదని చెప్పవచ్చును. విడి ఎన్నికలలో రాకుండా పోయేవారిలో కూలి వదులుకొనలేనివారు, దూరాన బ్రతికేవారు ఉంటారు. జమిలి వారి ఖర్చును సగం చేస్తుంది.

రెండవ పళ్ళెంలో ఉన్నది తీర్పులోని స్పష్టత. రాష్ట్ర ప్రభుత్వంపై కోపంతో వచ్చిన ఓటు కేంద్రంలోని వారికి తగలవచ్చును. కేంద్రంపై అభిమానంతో వచ్చినది రాష్ట్రంలో అసమర్థునికి రక్ష కావచ్చును. విడి ఎన్నికలలో ఒక్కొక్క ప్రభుత్వం తన పనికి తానే జవాబు చెప్పవలసివస్తుంది. పార్టీల నాయకులకు ఈ సంగతి బాగా తెలుసును. శాసనసభలను ముందుగా రద్దుచేసి ఎన్నికల తేదీలను జరుపుటకు వారు చేసే ప్రయత్నాలే ఇందుకు సాక్ష్యం.

ఈ తూకంలో ముల్లు ఎటు మొగ్గవలెనో అంకెలు చెప్పవు. జనం ఎక్కువగా వచ్చుట, వచ్చిన జనం రెండు ప్రశ్నలకు రెండు జవాబులు ఆలోచించి చెప్పుట – రెండూ కావలసినవే. మొదటిదానిని తేదీ మార్చి సాధించవచ్చును. రెండవదానిని తేదీతో సాధించలేరు. అది ఓటరు చదువుతో, పత్రికలతో, లోకసభ సభ్యుడు చేయవలసిన పని ఏది, శాసనసభ్యుడు చేయవలసిన పని ఏది అన్న తెలివిడితో రావలెను.

పాఠశాలలలో దీనిని లెక్కలతో నేర్పుటకు వీలున్నది. లోకసభ ఎన్నికలో ప్రతి శాసనసభ నియోజకవర్గంలోను ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడినవో ఎన్నికల సంఘం పట్టికలుగా ప్రకటిస్తున్నది. విద్యార్థులు తమ నియోజకవర్గపు పట్టికను తీసుకొని, అదే చోట శాసనసభకు పడిన ఓట్లను పక్కన వ్రాసి, తేడా కట్టవచ్చును. ఒక పార్టీకి రెండింటిలోను అవే ఓట్లు వచ్చినవా? రాకపోతే ఆ తేడా ఎంత, ఎటు పోయినది? ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు ఒకే రోజున పడిన ఓట్లతోను, తెలంగాణ విద్యార్థులు అయిదు నెలల ఎడంతో పడిన ఓట్లతోను ఈ లెక్క చేసి ఫలితాలను పోల్చుకొంటే, పౌరశాస్త్రం పుస్తకంలో ఒక వాక్యంగా ఉన్న విషయం సొంత ఊరి అంకెలతో బోధపడుతుంది. పదునెనిమిదేళ్ళు నిండి మొదటిసారి రెండు యంత్రాల ముందు నిలబడిననాడు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలన్న సంగతి వారికి గుర్తుండగలదు.